చీమ గొంతు

నవంబరు 6, సోమవారం

ఈ రోజు రెండో పీరియడులో నా గొంతు పోయింది.

తీసివేతలు చెబుతున్నాను. "మూడులోంచి ఏడు పోదు కదా, అందుకని పక్కింటికి వెళ్ళి ఒక పది అప్పు..." దాకా వచ్చాను. "తెచ్చుకోవాలి" అనబోతే గాలి తప్ప ఏమీ రాలేదు. మొదటి బెంచీలో ఒకడు నా పెదాలు చూసి ఆ మాట అందించాడు. మిగతావాళ్ళు ఇదేదో కొత్త ఆట అనుకుని, నాలాగే నోళ్ళు తెరిచి మూయడం మొదలుపెట్టారు. నాలుగో తరగతి మరి. తొమ్మిదేళ్ళ వాళ్ళకి టీచరు గొంతు పోవడమంటే సెలవు వచ్చినట్టే.

వారం నుంచీ బొంగురుగానే ఉంది, పట్టించుకోలేదు. నా గొంతంటే నాకంత ధీమా. మైదానం ఆ చివర కొట్టుకుంటున్న వాళ్ళని ఈ వరండాలోంచి విడదీయగలను. పక్క క్లాసు టీచరు "మీరు ఎక్కాలు చెబితే మా వాళ్ళకీ వచ్చేస్తున్నాయి" అని దెప్పుతూ ఉంటుంది. అది మెచ్చుకోలు కింద తీసుకుంటూ వచ్చాను.

సాయంత్రం గొంతు డాక్టరు చిన్న అద్దం లోపలికి పెట్టి చూశాడు. పలుగు పట్టినవాడి అరచేతిలో కాయలు కాసినట్టే గొంతులో కాశాయట, అరిచి అరిచి. మాష్టార్ల జబ్బు అన్నాడు. నెల రోజులు నోరు మెదపకూడదు. గుసగుసలు కూడా వద్దు, అవి ఇంకా చెరుపు చేస్తాయన్నాడు.

డాక్టర్లు ఒకటికి రెండు చెబుతారు. గుసగుస కూడా మాటేనా?

నవంబరు 7, మంగళవారం

హెడ్మాస్టరు గారికి కాగితం మీద రాసి చూపించాను. ఆయన చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. సెలవు పెడితే క్లాసు వేరేవాళ్ళకి ఇవ్వాల్సి వస్తుందని, నెలాఖరున తనే వచ్చి వెనక బెంచీలో కూర్చుని చూస్తానని, అప్పటికీ క్లాసు నడవకపోతే ఆలోచిద్దామని అన్నారు. ఆలోచిద్దాం అంటే నాకు తెలుసు. చెయ్యి వణుకుతోందని డ్రాయింగు మాష్టారి గురించి కూడా ఇలాగే ఆలోచించారు. ఆయన ఇప్పుడు స్టోరు గదిలో విరిగిన కుర్చీల మధ్య కూర్చుంటాడు. పిల్లలు ఆ తలుపు ముందు నుంచి పరిగెత్తుతూ పోతారు, లోపలికి చూడరు.

ఆ గదిలో నేను బతకలేను. ఇందులో దాపరికం ఏమీ లేదు, నాకు భయంగా ఉంది.

క్లాసులో చప్పట్లు కొట్టాను, గంట వాయించాను, అన్నీ బోర్డు మీద రాశాను. బోర్డు వైపు తిరిగితే చాలు, వెనక సంత. "టీచర్, వీడు నా రబ్బరు కొరికాడు." "టీచర్, అది నా వైపు చూస్తోంది." "టీచర్, నా పన్నూడింది." ఆ పన్ను తెచ్చి నా చేతిలో పెట్టారు, ఇంకా వెచ్చగా ఉంది. ఒక్కొక్కరికి ఒక్క మాట చాలు. ఆ ఒక్క మాటే నా దగ్గర లేదు.

ఇంట్లో మాత్రం ఏ తేడా లేదు. అత్తయ్యకి ఎలాగూ వినపడదు. ఇన్నేళ్ళూ నేను చేసింది చెవిటివాని ముందు శంఖమూదడమే. ఊళ్ళు తిరిగే ఉద్యోగంలో ఉన్న మా ఆయన ఫోను చేశారు. ఔనంటే ఒకసారి, కాదంటే రెండుసార్లు ఫోను మీద వేలితో కొట్టమన్నారు. "ఇరవై ఏళ్ళ కాపురంలో నా మాట పూర్తిగా విన్నది ఈ రోజే" అన్నారు. రెండుసార్లు కొట్టాను.

నవంబరు 9, గురువారం

మార్గం దొరికింది.

మొదటి బెంచీలో కిటికీ పక్కన ఒక పిల్ల ఉంది. హాజరు పిలిస్తే అది పలికేది పక్కదానికి కూడా వినపడదు. అందుకని పిల్లలు "చీమ" అంటారు, దానికీ అది ఏమీ అనదు. వాళ్ళమ్మ బట్టలు కుడుతుంది. మా స్కూలు యూనిఫారాలన్నీ ఆవిడ కుట్టినవే.

ఈ రోజు చీమని లేపి నా కుర్చీ పక్కన నిలబెట్టుకున్నాను. వంగి, పుస్తకాలు తెరవమని అందరికీ గట్టిగా చెప్పమన్నాను, చెవిలో. మొదటిసారి ఏమీ వినపడలేదు. భుజం తట్టాను. రెండోసారి మొదటి రెండు వరసలు తిరిగి చూశాయి. మూడోసారి ఆ గొంతు వెనక గోడ దాకా వెళ్ళింది. క్లాసు మొత్తం బిత్తరపోయి పుస్తకాలు తెరిచింది.

నోరున్నవాణ్ణి పెడితే పెత్తనం చేస్తాడు. చీమకైతే బిడియం పోతుంది. ఒక దెబ్బకు రెండు పిట్టలు. ఆలోచిస్తే ఇందులో నాకంటే ఆ పిల్లకే ఎక్కువ లాభం.

డాక్టరు చెప్పింది గుర్తుంది. చెవిలో చెప్పేది ఏపాటి.

నవంబరు 10, శుక్రవారం

చీమ ఈ రోజు అరిచింది. నేను అరవమనలేదు గాని, అరవాల్సిన చోటే అరిచింది.

నవంబరు 14, మంగళవారం

ఇప్పుడు పూర్తిగా చెప్పనక్కర్లేదు. సగం చెబితే మిగతాది అదే పూర్తి చేస్తుంది. డస్టరుతో బల్ల మీద రెండుసార్లు కొట్టి "కళ్ళిటు, చెవులిటు, అల్లరి బయట" అనడం నా అలవాటు. ఈ రోజు అది ఆ డస్టరు తీసుకుని రెండుసార్లు కొట్టి, ఒకసారి గొంతు సవరించుకుని మరీ అంది. గొంతు సవరించుకోవడం కూడా నాదే. ఎవరైనా నవ్వుతారేమో అని చూశాను. ఎవరూ నవ్వలేదు, అందరి కళ్ళూ దాని మీదే. చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం అంటారే, అలా ఉంది క్లాసు. నాకు మాత్రం నవ్వొచ్చింది.

తీసివేతలు దిద్దాను. అప్పు తెచ్చుకోవడం అందరికీ వచ్చేసింది. పక్కింట్లో ఒకటి తగ్గించడమే మర్చిపోతారు. ఏటా ఇదే తప్పు, ఏటా సగం క్లాసు.

పక్క క్లాసు టీచరు మధ్యాహ్నం అన్నం తింటూ, "గొంతు వచ్చేసిందా? ఎక్కాలు వినపడ్డాయి" అంది. లేదని తలూపాను. "మరి ఎవరు?" అంది. వేలితో పిల్ల ఎత్తు చూపించాను. ఆవిడ నమ్మలేదు.

నవంబరు 17, శుక్రవారం

దీన్ని ఎలా రాయాలో తెలియడం లేదు.

బోర్డు మీద లెక్క రాస్తున్నాను. చీమ నా వెనక, నా చేతికి అందనంత దూరంలో నిలబడి ఉంది. చివరి బెంచీలో కునికిపాట్లు పడే పిల్లవాడు ఒకడున్నాడు. చెంపకి చెయ్యి ఆనించుకుని పెద్దవాడిలా నిట్టూరుస్తాడు. వాణ్ణి మనసులో "ముసలాయన" అనుకుంటాను. జూన్ నుంచీ అనుకుంటున్నాను. వెనక్కి తిరగకుండానే, ఈపాటికి ముసలాయన నిద్రపోయి ఉంటాడు అనుకున్నాను.

"ముసలాయనా, నిద్ర చాలు, లే" అంది చీమ.

వాడు లేచి నిలబడ్డాడు. అది తన పేరేనన్నట్టు నిలబడ్డాడు.

ఆ మాట నేనెవరితోనూ అనలేదు. ఆయనతో అనలేదు, అత్తయ్యతో అనలేదు, ఇందులో కూడా ఇదివరకెప్పుడూ రాయలేదు. ఎప్పుడైనా నోరు జారి ఉంటాను. పిల్లలు ఊరికే వదలరు, ఎప్పుడో విన్నది పట్టుకుని ఉంటారు. అంతే అయి ఉంటుంది.

నవంబరు 19, ఆదివారం

బట్టలు మడతపెడుతున్నాను. అత్తయ్య వచ్చి మంచం మీద కూర్చుని, ఆరోగ్యం ఎలా ఉందని అడిగింది. బాగానే ఉందని సైగ చేశాను.

"అది సరే. ఇందాకట్నించీ వంటింట్లో ఎవరికే ఆ పాఠాలు?" అంది.

తల అడ్డంగా ఊపాను.

"నాకు చెప్పకపోతే మానెయ్. కాని ఎంత బాగా వినపడుతోందో. నీ గొంతు ఈమధ్య గంటలా ఉందే."

వంటింట్లోకి వెళ్ళి చూశాను. కుళాయి కారుతోంది. గట్టిగా కట్టేశాను.

ఆవిడకి చెవి దగ్గర గిన్నె పడేసినా వినపడదు. ముసలితనంలో చెవుల్లో హోరు ఉంటుందట, ఎక్కడో చదివాను.

నవంబరు 22, బుధవారం

చీమ వాళ్ళమ్మ వచ్చింది. మెడలో కొలతల టేపు అలాగే ఉంది, పని మధ్యలోంచి లేచి వచ్చినట్టుంది. వరండా చివర నిలబెట్టి మాట్లాడింది. నేను విన్నాను. నాకు ఇంకో దారి లేదు కదా.

పిల్ల ఇంట్లో మారిపోయిందట. తమ్ముణ్ణి గోడకి నిలబెట్టి ఎక్కాలు అప్పజెప్పించుకుంటుందట. కుట్టుపనికి వచ్చే అమ్మాయిలు కూడా దాని గొంతు వింటే కబుర్లు ఆపేస్తారట. మొదట్లో ముచ్చటపడిందట. ఇప్పుడు దానికి గొంతు మంట, రాత్రి వేడినీళ్ళు పుక్కిలించమంటే "మీ పని మీరు చూసుకోండి" అందట, కన్నతల్లిని.

"నా పిల్ల నాతో మాట్లాడి పది రోజులయింది టీచర్. మాట్లాడినప్పుడల్లా మీరే మాట్లాడుతున్నారు. దాని గొంతు చిన్నదే, వినపడేది కాదు. అయినా నాకు వినపడేది. అది నాకు కావాలి."

రెండు చేతులూ పట్టుకున్నాను. సరేనని తలూపాను. నిజంగానే ఊపాను.

నవంబరు 23, గురువారం

చీమని పిలవలేదు. కూర్చోమని సైగ చేసి బోర్డు దగ్గర నిలబడ్డాను. గోల చేస్తారనుకున్నాను. చెయ్యలేదు. నలభై మందీ చేతులు కట్టుకుని ఎదురుచూస్తూ కూర్చున్నారు, నా కోసం కాదు.

కొంతసేపటికి చీమ తన చోటులోనే, తల వంచుకుని నోటుబుక్కులో రాసుకుంటూనే, పాఠం మొదలుపెట్టింది. ఆ పాఠం చెప్పబోతున్నానని నేనెవరికీ చెప్పలేదు. ఒక చోట అది ఆగింది. అక్కడ నాకూ తోచలేదు. నాకు తోచాక అది మళ్ళీ అందుకుంది.

ఆపమని దగ్గరికి వెళ్ళాను. తలెత్తి చూసింది. మెడ నరాలు పొంగి ఉన్నాయి, కళ్ళలో నీళ్ళు. తనే ఆపలేకపోతోందేమో అనిపించింది.

ఆపే మాట నా దగ్గర లేదు. భుజం మీద చెయ్యి వేసి ఊరుకున్నాను.

నవంబరు 24, శుక్రవారం

వచ్చే గురువారం హెడ్మాస్టరు గారు వస్తారు. ఆ ఒక్క పూటా గడవనీ. ఆ తర్వాత వాళ్ళమ్మకి మాటిచ్చినట్టే చేస్తాను. వారంలో మునిగిపోయేదేముంది.

నవంబరు 30, గురువారం

గట్టెక్కాను.

హెడ్మాస్టరు గారు చెప్పిన టైముకి రాలేదు. పాఠం సగంలో ఉండగా వచ్చి వెనక కూర్చున్నారు. చీమ నా పక్కన నిలబడి తీసివేతలు చెప్పింది. నేను చెవిలో ఒక్క మాట కూడా చెప్పలేదు. పిల్లలు ఒక్కరు కూడా తప్పు చెయ్యలేదు. పక్కింట్లో ఒకటి తగ్గించడం కూడా ఎవరూ మర్చిపోలేదు. ఇన్నేళ్ళలో ఇలా జరగడం ఇదే మొదటిసారి.

బయటికి వచ్చాక ఆయన ఒక సంగతి చెప్పారు. లోపలికి రాకముందే పది నిమిషాలు గోడ పక్కన నిలబడి విన్నారట. "మీకు గొంతు వచ్చేసింది, నన్ను ఆటపట్టిస్తున్నారనుకున్నాను. లోపలికొచ్చి చూస్తే ఆ పిల్ల." నవ్వబోయి మానేశారు. క్లాసు నాదే అన్నారు. ఇంకోసారి మాత్రం రానన్నారు, ఎందుకో చెప్పలేదు.

సంతోషంగా ఉంది. ఉండాలి కదా.

పీరియడు చివర చీమ గొంతు కొద్దిగా జీరపోయింది. చలికాలం.

డిసెంబరు 4, సోమవారం

చీమ రాలేదు. పిల్లలు ఆ ఖాళీ చోటు వైపు చూస్తూ కూర్చున్నారు. ఇంటి గంట కొట్టినా లేవలేదు. ఒక్కొక్కరి భుజం తట్టి లేపాల్సి వచ్చింది.

డిసెంబరు 6, బుధవారం

డాక్టరు అద్దం పెట్టి చూసి, మళ్ళీ చూశాడు. కాయలు లేవు. చారిక కూడా లేదు. ఒక ముక్క మాట్లాడమన్నాడు. ఏం మాట్లాడాలో తోచక నా పేరు చెప్పాను. ఆయన నవ్వాడు. "చూశారా, నోరు కట్టుకుంటే ఎంత పని చేస్తుందో. మీ గొంతు వయసు కూడా తగ్గింది" అన్నాడు. మర్యాదకి అన్నాడనుకున్నాను.

ఇంటికి రాగానే అత్తయ్య చెవి దగ్గర కూర్చుని గొంతు వచ్చిందని చెప్పాను. ఆవిడకి వినపడలేదు. ఇంకా గట్టిగా చెప్పాను. నా పెదాలు చూసి జాలిగా తల నిమిరి, "వస్తుందిలే, తొందరపడకు" అంది.

ఫోను మోగింది. ఆయనే. ఇన్నాళ్ళ తర్వాత మాట్లాడబోతున్నానని పరుగున వెళ్ళి ఎత్తాను. ఎలా ఉన్నారని అడిగాను.

ఆయన చాలా మెత్తగా, చిన్నపిల్లలతో మాట్లాడేటప్పటి గొంతుతో అన్నారు.

"పాపా, ఫోను టీచరు గారికి ఇవ్వమ్మా."

వేలితో ఫోను మీద రెండుసార్లు కొట్టాను.

డిసెంబరు 7, గురువారం

క్లాసులో "పుస్తకాలు తెరవండి" అన్నాను. ఎవరూ తెరవలేదు. మొండికెయ్యడం కాదు, వాళ్ళకి వినపడలేదు. మొదటి బెంచీ పిల్ల పక్కదానితో "టీచరుకి ఇంకా తగ్గలేదే" అంటోంది, నేను మాట్లాడుతుండగానే.

ఇంటర్వెల్లో చీమ వాళ్ళమ్మ గేటు దగ్గర నిలబడి ఉంది. నేనే వెళ్ళాను. పిల్లకి గొంతు పూర్తిగా పోయిందట. అదే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళిందట. కాయలు.

"తొమ్మిదేళ్ళ పిల్లకి మాష్టార్ల జబ్బు ఎక్కడిదమ్మా అని నన్నడిగాడు. నేనేం చెప్పను టీచర్?"

క్షమించమన్నాను. తప్పు నాది అన్నాను. కుర్చీ పోతుందన్న భయంతో పసిదాన్ని వాడుకున్నాను అన్నాను. అన్నీ గట్టిగానే అన్నాను. ఆవిడ మొదట మొహం తిప్పుకునే ఉంది. తర్వాత ఒక్కసారిగా నా వైపు తిరిగి, నా నోటి వైపే చూస్తూ, దగ్గరగా వచ్చింది. ఈ బడిలో నా మాట వినపడింది ఆవిడ ఒక్కదానికే. చెయ్యి ఎత్తి నా చెంప తాకబోయి, వెనక్కి తీసుకుంది. ఏడ్చుకుంటూ వెళ్ళిపోయింది.

రాయడం ఆపి ఇప్పుడు నా పేరు పైకి పలికి చూశాను. చాలా చిన్న గొంతు. పక్కన ఎవరున్నా వినపడదు.

డిసెంబరు 8, శుక్రవారం

తిరిగి ఇచ్చేస్తాను. ఎలాగో తెలియదు. ఇచ్చేస్తాను.

డిసెంబరు 11, సోమవారం

చీమ వచ్చింది. మెడకి గుడ్డ చుట్టుకుని, కాస్త చిక్కి ఉంది. తన చోటుకి వెళ్ళలేదు. నేరుగా వచ్చి నా కుర్చీ పక్కన నిలబడింది. అప్పటిదాకా గోల చేస్తున్న క్లాసు సద్దుమణిగింది.

ఈ రోజు చెప్పేద్దామని ఇంటి దగ్గరే అనుకుని వచ్చాను. నీది నువ్వు తీసుకో తల్లీ అని, అందరి ముందూ. నోరు తెరిచే లోపల అది నా చెయ్యి పట్టుకుని కిందికి లాగింది. వంగాను. నా చెవి దగ్గర నోరు పెట్టింది. వెచ్చటి గాలి, దానిలో మాటలు. పుస్తకాలు తెరవమని.

"పుస్తకాలు తెరవండి" అన్నాను.

నలభై పుస్తకాలూ తెరుచుకున్నాయి. నేనెంతసేపు మొత్తుకున్నా వినపడనిది, ఇప్పుడు వెనక గోడ దాకా వెళ్ళింది. నా ప్రాణం లేచి వచ్చింది. అది రాసుకోవడానికి సిగ్గేస్తోంది, కాని నిజం అదే, ముందు సంతోషమే వేసింది. చీమ చెవిలో చెబుతూ పోయింది, నేను చెబుతూ పోయాను. మూడులోంచి ఏడు పోదు. పక్కింటికి వెళ్ళి అప్పు తెచ్చుకోవాలి. సగం చెబితే మిగతా సగం నాకే తోస్తోంది. ముసలాయన్ని లేపమంది, లేపాను.

తర్వాత మళ్ళీ వంగమంది. ఈసారి చెప్పింది పాఠం కాదు. అది పాఠం కాదని నాకు తెలిసేసరికే నా నోరు దాన్ని అనేసింది. చిన్నగా, బెరుగ్గా, క్లాసంతటికీ వినపడేలా.

"నా గొంతు ఎప్పుడిస్తారు టీచర్?"

పిల్లలు జవాబు కోసం చూశారు. నా వైపు కాదు. చీమ వైపు.

చీమ బల్ల మీది డస్టరు తీసుకుని రెండుసార్లు కొట్టింది. మొదటి బెంచీలో, కిటికీ పక్కన ఖాళీగా ఉన్న చోటు చూపించింది.

వెళ్ళి కూర్చున్నాను.